వేడినీళ్ళ వాన

స్నానానికి ఇంగ్లీషులో ఎన్ని పేర్లున్నాయో కృష్ణానగర్ మొత్తమ్మీద తెలిసిన మనిషి ఒక్క సత్యలక్ష్మే. అవన్నీ తెలిసి కూడా ఆవిడ రోజూ స్నానం చేసేది రెండు బకెట్ల నీళ్ళతో. ఆ రెండో బకెట్టు కాస్త నిండుగా పట్టుకుంటే ఇంటి ఓనరు లక్ష్మయ్య మేడమీంచి దగ్గేవాడు. పంపు కట్టేస్తే తప్ప ఆ దగ్గు తగ్గేది కాదు.

సత్యలక్ష్మి పనిచేసేది జూబ్లీహిల్స్‌లో, స్నానాల గదుల సామాను అమ్మే ఒక పెద్ద షోరూంలో. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిల్లలు మీసాలు సరిగ్గా రాకముందే ఫ్లాట్లు కొనేసి, అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని షోరూంకి వచ్చేవారు. పిల్లలు మేనేజరు కమలాకర్‌తో ఇంగ్లీషులో దంచుతుంటే పెద్దవాళ్ళు వెనకాల బిక్కమొహాలు వేసుకుని నిలబడేవారు. ఆ పెద్దవాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పడానికే సత్యలక్ష్మిని పెట్టుకున్నారు.

చెప్పడంలో ఆవిడకు ఆవిడే సాటి. "బాత్‌టబ్ అంటే పడుకుని స్నానం చేసే తొట్టి అండీ. జకూజీ అంటే అదే తొట్టి, కాకపోతే నీళ్ళే సుడులు తిరిగి ఒళ్ళు పడతాయి. సోకింగ్ అంటే నానడం, మనం పప్పు నానేసినట్టు. షవర్ క్యూబికల్ అంటే తడి బయటికి రాకుండా కట్టిన అద్దాల గది. బాత్‌రోబ్ అంటే తువ్వాలుతో కుట్టిన కోటు. లూఫా అంటారా, మరేం కంగారు పడకండి, అది మన బీరపీచే." పెద్దవాళ్ళు ఫక్కున నవ్వేవారు. ఒక ముసలావిడైతే షోరూం అంతా తిరిగి చూసి, "అన్నీ బానే ఉన్నాయి గానీ అమ్మాయ్, పీట వేసుకుని తలంటు పోసుకునే చోటేదీ?" అని అడిగింది. కమలాకర్‌కు ఆ ప్రశ్న నచ్చలేదు. సత్యలక్ష్మికి మాత్రం ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఎందుకంటే తలంటుకు చోటు లేకపోవడమంటే ఏమిటో ఆవిడకు తెలుసు. లక్ష్మయ్య మేడలో పన్నెండు గదులు, పన్నెండు కుటుంబాలు. లైట్‌మన్లు, డాన్సర్లు, మేకప్ పెట్టెలు మోసేవాళ్ళు, ఎప్పటికైనా హీరో అవుతామని వచ్చినవాళ్ళు. అందరికీ కలిపి వెనకవైపు రెండు బాత్రూములు. తెల్లారేలోపు కానిచ్చుకోవాలి. నూనె తలంటు కూడదు, తూము పూడుకుపోతుందిట. పెద్ద పండగకైనా సరే కూడదు. కిరాయి మాత్రం ఒకటో తారీకు ఉదయమే పోయాలి. ఆ మేడ కట్టిన మనిషి ఇటుకలమీద పెట్టిన శ్రద్ధలో పిసరంత మనుషులమీద పెట్టి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

లక్ష్మయ్యను పుట్టు షావుకారు అనుకోకండి. మాదాపూర్ అవతల జొన్న వేసుకున్న మనిషే. ఆ చెలకను కంపెనీల వాళ్ళు కొనుక్కున్నారు. ఆయన భార్య శకుంతలమ్మ ఇప్పటికీ గిన్నెలు బూడిదతోనే తోముతుంది. లక్ష్మయ్య మాత్రం మూడో అంతస్తు తమకోసం కట్టిస్తూ, దాంట్లో బాత్రూం జూబ్లీహిల్స్ వాళ్ళ బాత్రూంలా ఉండాలని పట్టుబట్టాడు. పొద్దున్నే గేటు దగ్గర సత్యలక్ష్మిని ఆపి మరీ అడిగేవాడు. "బిడ్డ, ఆ షవర్ క్యూబికల్ అంటే ఏంది? డైవర్టర్ అంటే ఏంది? జర సమజ్ అయ్యేటట్టు చెప్పు." ఆవిడ షోరూంకి ఆలస్యమవుతున్నా ఓపిగ్గా చెప్పేది. చెప్పించుకున్నంత సేపూ వినయంగా వినేవాడు. సాయంత్రం బకెట్టు దగ్గర మళ్ళీ మామూలే.

సత్యలక్ష్మికి ఇంట్లో మరో విద్యార్థిని ఉంది, అత్తగారు అమ్మాజీ. కాకినాడ నుంచి నాటకాల బృందంతో బయల్దేరి, మద్రాసు చేరి, సినిమావాళ్ళ వెంట హైదరాబాదు వచ్చిన మనిషి. జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళిపందిట్లో అక్షింతలు వేసే ముత్తయిదువ, బజార్లో కూరలు బేరమాడే ఆవిడ, శవం చుట్టూ ఏడ్చే గుంపు, అన్నీ ఆవిడే. అమ్మాజీ లేకపోతే ఏడుపు నిండుగా రాదని పేరుండేది. మోకాళ్ళు మొరాయించాక ఇంటిపట్టున కూర్చుంది. కొడుకు నాగసాయి లైట్‌మన్, నెలలో సగం రోజులు అవుట్‌డోర్‌లోనే. ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళు.

సాయంత్రం సత్యలక్ష్మి చెప్పులు విప్పకముందే అత్తగారు అడిగేది. "ఏవే సత్యా, ఇవాళేం స్నానాలు అమ్మావు?"

"బబుల్ బాత్ అత్తయ్యా. తొట్టినిండా నురగ పెట్టుకుని అందులో కూర్చుంటారు."

"అదేనా, ఆ సీను నేను చూశాను. హీరోయిన్ను నురగలో కూర్చోబెట్టి లైటింగు సరిచేస్తూ పొద్దంతా గడిపారు. నీళ్ళు చల్లారిపోయి ఆ పిల్ల గజగజలాడిపోతుంటే వేణ్ణీళ్ళు తెచ్చి పోసింది నేనే. ఇంకోటి చెప్పు."

"రెయిన్ షవర్. నెత్తిమీద ఇంత వెడల్పు పళ్ళెంలా ఉంటుంది. వాన పడ్డట్టు పడతాయి నీళ్ళు."

అమ్మాజీ మోకాళ్ళు రుద్దుకుంటూ తల ఎత్తింది. "వానలో తడవడానికి డబ్బులిస్తారా? నాకు ఎదురు డబ్బులిచ్చి తడిపేవారే," అంది. నవ్వుతూనే అంది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాన సీన్లు చలికాలంలోనే ఎందుకు తీస్తారో ఆవిడకు ఎప్పుడూ అర్థం కాలేదు. గొట్టాలతో బోరునీళ్ళు కుమ్మరించేవారు. కట్ చెప్పగానే హీరోయిన్‌కు దుప్పటి, టీ. గుంపుకు బస్సు చాటు. ఆ బస్సు చాటునే, డ్రైవర్లూ క్లీనర్లూ బీడీలు కాలుస్తూ చూస్తుంటే, ఒకళ్ళకొకళ్ళు కొంగు అడ్డం పట్టుకుని చీరలు మార్చుకోవాలి. ఇది తల్చుకున్నప్పుడల్లా సత్యలక్ష్మికి ఒళ్ళు మండేది. కోట్లు పోసి సెట్లు వేసేవాళ్ళకు నాలుగు తడికలు కట్టించడానికి చేతులు రాలేదు.

"అందులో వేణ్ణీళ్ళు కూడా వస్తాయా?" అని అడిగింది అమ్మాజీ.

"వస్తాయి అత్తయ్యా. మా షోరూంలో ఒక నిజం బాత్రూమే కట్టి పెట్టారు. నీళ్ళు, గీజరు అన్నీ పనిచేస్తాయి. వచ్చినవాళ్ళకు తిప్పి చూపిస్తాం."

"వేణ్ణీళ్ళ వాన," అంది అమ్మాజీ. "ఎలా ఉంటుందో." ఆమాట తర్వాత చాలాసార్లు అంది.

ఆవిడకు ఇంకో అనుమానం కూడా ఉండేది. "ఆ ఇంగ్లీషు పేర్లన్నీ నీళ్ళు ఎలా పడతాయో చెబుతున్నాయి గానీ, ఎందుకు పోసుకుంటున్నామో చెప్పవేంటే? మనకు చూడు. తలంటు, పురిటి స్నానం, మంగళస్నానం, మైల స్నానం. పేరు వింటే ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది." సత్యలక్ష్మి అదే మాట మర్నాడు కమలాకర్‌తో అంటే, ఆయన కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా, "అవన్నీ కస్టమర్లకు వద్దమ్మా, కన్‌ఫ్యూజ్ అవుతారు," అన్నాడు.

ఆ ఏడు వేసవిలో పై గదిలో ఉండే సుబ్బరామయ్య పోయాడు. సెట్లకు రంగులు వేసే మనిషి. పనిచేసే చోటే కుప్పకూలితే ఆసుపత్రికి మోసుకెళ్ళారు, అక్కణ్ణుంచి ఇంటికి తెచ్చారు. ఇల్లంటే లక్ష్మయ్య ఇల్లు. లక్ష్మయ్య గేటుకు తాళం వేశాడు. కిరాయిదారుల శవాలు లోపలికి రానివ్వనన్నాడు. చెడు నక్షత్రంలో పోయినవాళ్ళు వస్తే ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాలిట. పోనీ నక్షత్రం మంచిదైతే రానిస్తాడా అంటే అదీ లేదు. చివరికి సుబ్బరామయ్యకు సందు మొగలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఒక పాత సినిమా బ్యానరు నలుగురు పట్టుకుని నిలబడితే, దాని చాటున స్నానం చేయించారు. మోటారు సైకిళ్ళవాళ్ళు దారి కోసం హారన్లు కొడుతూనే ఉన్నారు. బ్యానరు చాలక కాళ్ళు బయటికి కనబడ్డాయి.

అమ్మాజీ కిటికీలోంచి అంతా చూసింది. ఆ సాయంత్రం ఏ స్నానాలు అమ్మావని అడగలేదు. అన్నం కూడా సగంలోనే చెయ్యి కడిగేసుకుంది.

"సత్యా, నాకో మాటివ్వాలి. ముప్పై ఏళ్ళు బస్సు చాటున బతికాను. ఎవడు పడితే వాడు చూశాడు. పొట్టకోసం కదా అని నోరు కుట్టేసుకున్నాను. పోయాక చేయించే ఆ ఒక్క స్నానం మాత్రం నాలుగు గోడల మధ్య చేయించు. రోడ్డుమీద వద్దు. ఆ గోడలు ఎక్కణ్ణుంచి తెస్తావో నాకు తెలీదు."

"ఇప్పుడా మాటలెందుకత్తయ్యా?"

"ఇప్పుడే కావాలి. మాటివ్వు."

సత్యలక్ష్మి అత్తగారి చేతిలో చెయ్యి వేసింది. వేసిన క్షణం నుంచి ఆవిడకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఇల్లు మారదామని నాగసాయితో అంది. వెతికారు. వయసు మళ్ళిన మనిషి ఉందని తెలియగానే ఓనర్ల మొహాలు మారిపోయేవి. ఒకాయనైతే అమ్మాజీని ఎగాదిగా చూసి, "ఈవిడ ఎన్నాళ్ళుంటారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినవాడి ఇంట్లో తల్లి లేదా, తండ్రి లేడా? సత్యలక్ష్మి మెట్లు దిగి వచ్చేసింది.

కార్తీకం వెళ్ళాక అమ్మాజీకి ఆయాసం, దగ్గు మొదలయ్యాయి. ఆ దగ్గు గోడ దాటి వినపడ్డ రోజు నుంచి లక్ష్మయ్య పరామర్శలూ మొదలయ్యాయి. "పెద్దమ్మకు పానం మంచిగ లేదంట కదా బిడ్డ. దవాఖానల షరీక్ చెయ్యి. గీడ ఉంచి ఎందుకు ఫికర్ పడుడు?" పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వినేవాళ్ళకు ఎంత మంచివాడో అనిపిస్తుంది. ఆయన భయం అమ్మాజీ పోతుందని కాదు, తన గోడల మధ్య పోతుందని.

ఆసుపత్రిలో చేర్చక తప్పలేదు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు తెలతెలవారుతుండగా ప్రాణం పోయింది. నాగసాయి అరకులో షూటింగులో ఉన్నాడు. ఫోనులో ఏడ్చాడు. ఉన్నపళంగా బయల్దేరినా సాయంత్రానికి గానీ శ్మశానానికి చేరలేనన్నాడు. చేయాల్సినదంతా సత్యలక్ష్మి నెత్తిన పడింది. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని, శవాల బండి మాట్లాడుకుని, అత్తగారి పక్కన కూర్చుని కృష్ణానగర్ వచ్చింది.

గేటుకు తాళం ఉంది. లోపల లక్ష్మయ్య, మెట్లమీద కొంగు నోట్లో కుక్కుకుని శకుంతలమ్మ. కబురు ఆసుపత్రి నుంచి బండికంటే ముందే వచ్చిందన్నమాట.

"లక్ష్మయ్యగారూ, గదిలోకి తీసుకెళ్ళను. వెనకవైపు బాత్రూం వరకే. స్నానం చేయించి వెంటనే తీసుకెళ్ళిపోతాను."

"బాత్రూంల అసలే వద్దు. పన్నెండు ఇండ్లోల్లు చేస్తరు అండ్ల."

"ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళలో ఒక్కళ్ళు వద్దంటే చెప్పండి, నేను వెళ్ళిపోతాను."

ఎవరూ వద్దనలేదు. వరండాల్లో నిలబడ్డ ఆడవాళ్ళంతా లక్ష్మయ్య వైపే చూశారు. ఆయన కాస్త ఇబ్బంది పడ్డాడు. "జర సమజ్ చేస్కో బిడ్డ. పై అంతస్తు గృహప్రవేశం పెట్టుకున్నం. పెద్దమ్మ మంచిదే, నేనేం కాదంటున్ననా? గని పీనుగ గేటు దాటొద్దు. సందు మొగలకు పరదా కట్టిస్త. రెండు డ్రమ్ముల నీళ్ళు నేనే ఇస్త."

నిన్నటిదాకా పెద్దమ్మ. తెల్లారేసరికి పీనుగ. బతికున్నన్నాళ్ళూ రెండు బకెట్లు దాటనివ్వని మనిషి, చచ్చాక రెండు డ్రమ్ములు ఇస్తాడట, అదీ రోడ్డుమీద. సత్యలక్ష్మికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగేళ్ళుగా గేటు దగ్గర నిలబెట్టి చెప్పించుకున్న ప్రతి మాటా గుర్తొచ్చింది.

శకుంతలమ్మ మెట్టు దిగింది. "ఏమయితదయ్యా, తాళం తియ్యరాదు. ఆడమనిషి గదా," అంది. లక్ష్మయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ మళ్ళీ మెట్టెక్కింది.

పక్కగది నాగేశ్వరి, అమ్మాజీతో కలిసి ఎన్నో గుంపుల్లో నిలబడ్డ మనిషి, లోపలినుంచి అమ్మాజీ ఉతికి మడత పెట్టుకున్న తెల్ల చీర, కుంకుడుకాయల పొట్లం తెచ్చింది. తాళం తీయలేదు కాబట్టి వాటిని గేటు పైనుంచి అందించి, తను గోడ పక్క సందులోంచి పక్కకి ఒదిగి బయటికి వచ్చింది. "శ్మశానం దగ్గర పంపు ఉంటుంది సత్యా," అంది మెల్లిగా. ఆ పంపు సత్యలక్ష్మి చూసిందే. నలుగురు మగాళ్ళు కాళ్ళు కడుక్కునే చోటు. ఆవిడ తల అడ్డంగా ఊపి, కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి షోరూం తాళాలు తగిలాయి.

రోజూ పొద్దున్నే షోరూం తెరిచేది ఆవిడే. కమలాకర్ వచ్చేసరికి ఎండెక్కుతుంది.

"జూబ్లీహిల్స్ వైపు పోనివ్వు బాబూ," అంది డ్రైవరుతో.

"శ్మశానం అటు కాదక్కా."

"ముందు స్నానం."

షోరూం వాచ్‌మన్ వీరరాఘవయ్య బండిని చూసి ఎవరికోసమో అనుకున్నాడు. సంగతి తెలిశాక చేతులు పిసుక్కున్నాడు. "మేనేజరుగారికి తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా తల్లీ?"

"తాళాలు నా దగ్గరున్నాయి బాబాయ్. నేనే తీశానని చెప్పండి. మీరు టీ తాగడానికి వెళ్ళారు."

ఆయన టీ కొట్టు వైపు చూశాడు. తర్వాత టోపీ తీసి స్టూలుమీద పెట్టి, స్ట్రెచరు రెండో వైపు పట్టుకున్నాడు.

పాలరాతి నేల, నాలుగు నిజమైన గోడలు, తలుపుకు గడియ. మగాళ్ళిద్దరూ అమ్మాజీని దింపి బయటికి వెళ్ళగానే నాగేశ్వరి గడియ పెట్టింది. ఆ గడియ చప్పుడు వినగానే సత్యలక్ష్మి నేలమీద చతికిలబడి, ఆసుపత్రిలో ఆపుకున్నదంతా ఏడ్చేసింది. ఏడ్చి, లేచి, కొంగు బొడ్లో దోపుకుంది. గీజరు వేసింది. పసిపిల్లకు చూసినట్టు నీళ్ళ వేడి మణికట్టుమీద చూసుకుని అప్పుడు పిడి తిప్పింది.

"ఇదే అత్తయ్యా రెయిన్ షవర్," అంది.

వెచ్చటి నీళ్ళు అమ్మాజీ నుదుటిమీద, మూసిన కళ్ళమీద, అరిగిపోయిన మోకాళ్ళమీద సన్నగా పడ్డాయి. షోరూం అరల్లో దేశదేశాల సబ్బులున్నాయి, ఒక్కటీ ముట్టుకోలేదు. నాగేశ్వరి వేణ్ణీళ్ళలో కుంకుళ్ళు పిసికి రసం తీస్తే, సత్యలక్ష్మి అత్తగారి తల ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. దగ్గే ఓనరు లేడు. బీడీలు కాల్చే క్లీనర్లు లేరు. నీళ్ళు చాలవేమోనన్న బెంగ లేకుండా అమ్మాజీకి జరిగిన తలంటు ఈ ఊళ్ళో అదొక్కటే.

చీర కట్టి, జుట్టు ముడి వేసి బయటికి తెస్తుండగా కమలాకర్ వచ్చాడు. ఎందుకో ఆవేళ ముందే వచ్చాడు. స్ట్రెచరును, నేలమీద నీళ్ళ చారలను, తడిసి ముద్దయిన సత్యలక్ష్మిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటిది సత్యలక్ష్మీ? మైండ్ ఉందా నీకు? ఇది షోరూం. స్నానం చేయించే చోటా?"

"నాలుగేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ అదే కదా సార్ నాచేత చెప్పించారు, ఇది స్నానాల గది అని."

ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు, అదైనా ఇచ్చాడు. చీకటి పడేవేళకు నాగసాయి శ్మశానానికి వచ్చి తల్లి చితికి నిప్పు పెట్టాడు. అమ్మకు స్నానం ఎక్కడ చేయించావని అడిగితే, నాలుగు గోడల మధ్యే చేయించానని చెప్పింది.

పెద్దకర్మ అయ్యేదాకా గది వైపు రావద్దని లక్ష్మయ్య కబురంపాడు. మధురానగర్‌లో ఒక తోటి లైట్‌మన్ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ పదకొండు రోజులూ గడిపారు. అటునుంచటే యూసుఫ్‌గూడలో వేరే గది చూసుకున్నారు. సత్యలక్ష్మి ఉద్యోగం పోయిందనే అనుకుంది గానీ కమలాకర్ తీసేయలేదు. జాలి కాదు. తీసేస్తే ఎందుకు తీశావని హెడ్డాఫీసు అడుగుతుంది. ఈలోగా ఆయన ఆ గదిలో గోమూత్రం చల్లించి, ఆ రెయిన్ షవరుకు, దాని అద్దాల గదికి తగ్గింపు ధర చీటీ వేలాడదీశాడు.

"ఈ విషయం ఎవరితోనూ అనకు," అన్నాడు.

"నేను అనను సార్. ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను."

అడిగే మనిషి ఆ వారమే వచ్చాడు. తగ్గింపు చీటీ ఎవరికి ముందు కనబడుతుంది? లక్ష్మయ్యకే. కొత్త చొక్కా వేసుకుని, శకుంతలమ్మను వెంటబెట్టుకుని వచ్చి, సత్యలక్ష్మిని చూసి కొంచెం తడబడ్డాడు. వెంటనే సర్దుకుని, "మనసుల పెట్టుకోకు బిడ్డ, ఇండ్లల్ల గిట్లాంటివి అయితనే ఉంటయి," అన్నాడు. ఆమాటకు సత్యలక్ష్మి పళ్ళు బిగించుకుంది. ఆయన షవరు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో మీటి చూసి అడిగాడు.

"గింత తక్వకు ఎందుకు ఇస్తున్రు? ఎవలన్న వాడిండ్రా దీన్ని?"

"వాడారండీ. ఒకరు, ఒక్కసారి," అంది సత్యలక్ష్మి.

ఇంకో మాట ఆవిడ నోట్లోంచి రాకముందే కమలాకర్ మధ్యలో దూరాడు. లక్ష్మయ్య ఆవిడ ఇంటి ఓనరని ఆయనకు తెలియదు, పోయినావిడ సినిమా మనిషని మాత్రం తెలుసు. "సినిమా ఆర్టిస్టు సార్. చాలా సీనియర్. ఒక్కసారి అంతే, పీస్ బ్రాండ్ న్యూ."

లక్ష్మయ్య మొహం వెలిగిపోయింది. పేరు చెప్పమని అడిగాడు. పేర్లు చెప్పకూడదన్నాడు కమలాకర్. దాంతో లక్ష్మయ్యకు ఇంకా నమ్మకం కుదిరింది. ఏ హీరోయినో ఏమోనని భార్య చెవిలో గొణిగి, నిలబడ్డ పాటున డబ్బు కట్టేశాడు. సత్యలక్ష్మి చెప్పి ఉండొచ్చు. మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ చచ్చిన మనిషిని అడ్డం పెట్టుకుని సరుకు అమ్మిన ఈయనా, ఆ మనిషినే గేటు బయట ఆపేసిన ఆయనా ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుకుంటుంటే చూసి, ఆవిడ నోరు మూసుకుంది.

నెల తిరిగాక మిగిలిన సామాను తీసుకుని తాళంచెవి ఇచ్చేయడానికి కృష్ణానగర్ వెళ్ళింది. గృహప్రవేశం అప్పటికే అయింది. వచ్చిన చుట్టాలందరికీ లక్ష్మయ్య ముందు చూపించింది దేవుడి గది కాదు, బాత్రూం. పేరు పైకి చెప్పకూడదు గానీ సినిమా హీరోయిన్ స్నానం చేసిన షవరని అందరికీ చెప్పాడట. నాగేశ్వరి ఆమాట చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

తాళంచెవి తీసుకుంటూ లక్ష్మయ్య, "మంచిగ టైముకు వచ్చినవు బిడ్డ. ఆ షవర్ల వేడినీళ్ళు వస్తలెవ్వు. జర చూపియ్యి," అన్నాడు. సత్యలక్ష్మి మూడో అంతస్తు ఎక్కింది. కొత్త సున్నం వాసన, గుమ్మానికి ఎండిన మామిడాకులు. శకుంతలమ్మ తలుపు దగ్గర నిలబడింది. సత్యలక్ష్మి గీజరు వేసి, కాసేపు ఆగి, షవరు కిందికి చెయ్యి చాపి పిడి ఎడమకు పూర్తిగా తిప్పింది. చల్లటి నీళ్ళు, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, ఆ తర్వాత ఆవిరి. ఆవిడ చెయ్యి మోచేతి దాకా తడిసింది.

"హీరోయిన్ ఎవలో నువ్వన్న చెప్పు," అన్నాడు లక్ష్మయ్య, నవ్వుతూ. "నీకు ఎరికనే ఉంటది."

"అమ్మాజీ," అంది సత్యలక్ష్మి.

ఆయనకు వెంటనే ఎక్కలేదు.

"మా అత్తగారు. మీరు గేటు తీయని రోజు ఆవిడకు ఆఖరి స్నానం దీని కిందే చేయించాను. ఆవిడ మీ గేటు దాటకూడదన్నారు. మీరే డబ్బు కట్టి, ఆటో మాట్లాడుకుని, మూడో అంతస్తు దాకా తెచ్చుకున్నారు."

లక్ష్మయ్య గోడకు ఆనుకున్నాడు. "బంద్ చెయ్యి బిడ్డ. నీళ్ళు బంద్ చెయ్యి," అన్నాడు.

"మీ నీళ్ళు, మీ పంపు. మీరే కట్టేయండి."

ఆవిడ చెయ్యి కొంగుతో తుడుచుకుని బయటికి నడిచింది. శకుంతలమ్మ గుమ్మంలోంచి పక్కకు జరిగి దారి ఇస్తూ, ఆ తడిచేతిని ఒక్కసారి పట్టుకుని వదిలేసింది. పిడి షవరు కిందే ఉంది. కట్టాలంటే ఆ నీళ్ళలో చెయ్యి పెట్టాలి. బకెట్టు చుక్క ఎక్కువైతే మేడమీంచి దగ్గే మనిషి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడిపోయాడు. సత్యలక్ష్మి మెట్లన్నీ దిగి గేటు దాటేదాకా పైన వేడినీళ్ళ వాన పడుతూనే ఉంది.